పాలు పోసిన బంగాళాదుంప చారు: బంక కాకుండా, పాలు విరక్కుండా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. మీ సొంతూరు మండపేట వైపు, ఉద్యోగం పుణెలో. చలికాలం రాత్రుళ్లు మీ అమ్మమ్మగారు బంగాళాదుంపలతో తెల్లగా, పల్చగా చారులాంటిది కాచి గ్లాసుల్లో పోసి ఇచ్చేవారు. మీకు గుర్తున్నవి అల్లం వాసన, మిరియాల ఘాటు, పైన తేలే నెయ్యి, అంతే. ఆవిడ ఇప్పుడు లేరు, అమ్మగారికి కొలతలు తెలీవు. మీరు దుంపలు కుక్కర్లో ఉడికించి, మిక్సీలో తిప్పి, పాలు పోసి, చివర్లో అల్లం రసం పిండుతున్నారు. ఒకసారి బంకలా సాగుతోంది, ఇంకోసారి పాలు విరిగిపోతున్నాయి.

ముందు జవాబు చెప్పేస్తాను. మిక్సీ వాడకండి. పచ్చి అల్లం రసం పాలల్లో పిండకండి. దుంపల్ని గరిటెతోనే మెదపండి. అల్లాన్ని మొదటే దుంపలతోపాటు ఉడకనివ్వండి. పాలు విడిగా కాచి, ఆఖర్న మంట తగ్గించి పోయండి. ఇవి సరిచేసుకుంటే మీకు వచ్చే ఇబ్బంది దాదాపు తీరిపోతుంది. కొలతలు కింద రాశాను.

నేను రావులపాలెంలో పంతొమ్మిదేళ్లు కర్రీ పాయింట్ నడిపాను. మోకాళ్ల నొప్పులు వచ్చి ఈమధ్యే మానేశాను. ఈ చారు మాత్రం అమ్మకానికి నేర్చుకున్నది కాదు, మా అత్తగారి చేతి వంట. మా ఇంట్లో దీన్ని "పాలు పోసిన దుంపల చారు" అంటాం. సూప్ అన్న పేరు మా మనవలు పెట్టింది. దాళ్వా (రెండో పంట వరి) నాట్లప్పుడు పొద్దుపోయి చేల నుంచి వచ్చినవాళ్లకి ఇత్తడి గిన్నెలోంచి గ్లాసుల్లోకి పోసి ఇచ్చేవారావిడ. మీ పుణె చలి నిజం చలి. మా దగ్గర సంక్రాంతి ముందు తెల్లారగట్ల 18 డిగ్రీలకి దిగితే చాలు, మఫ్లర్లు కట్టేసుకుంటాం.

ఇక మిక్సీ ఎందుకు వద్దన్నానంటే. మన కంటికి ఆనదు గానీ, బంగాళాదుంపలో పిండంతా చిన్న చిన్న తిత్తుల్లో ఉంటుంది. నీళ్ల వేడి 60 డిగ్రీలు దాటాక ఆ పిండి నీళ్లు పీల్చుకుని తిత్తిలోనే ఉబ్బుతుంది. దుంప మెత్తబడిందీ అంటే తిత్తికీ తిత్తికీ మధ్య ఉన్న అతుకు వదిలిందన్నమాట. అప్పుడు గరిటెతో నొక్కితే తిత్తులు విడివిడిగా రాలతాయి, చాలావరకు పగలవు. నోట్లో మెత్తగా, సన్న రవ్వలా తగిలేది అదే. మిక్సీ బ్లేడు తిత్తుల్నే కోసేస్తుంది. లోపల ఉబ్బి ఉన్న పిండంతా నీళ్లలోకి వచ్చేస్తుంది. మా చిన్నప్పుడు సినిమా పోస్టర్లు అంటించేవాళ్లు బకెట్లో మైదా బంక తెచ్చుకునేవారు. మీ చారు అదే అవుతోంది.

మా పెద్దమ్మాయి హైదరాబాద్‌లో చేత్తో పట్టుకునే బ్లెండర్ పెట్టి ఇదే పని చేసింది. వీడియో కాల్ చేసి గరిటె పైకెత్తి చూపించింది, గరిటె నుంచి గిన్నె దాకా తీగ! నీళ్లు పోసి చూడమన్నాను, పల్చటి బంక అయింది తప్ప చారు కాలేదు. ఒకసారి సాగడం మొదలెట్టాక వెనక్కి రాదండి. అలా అయిందని పారబోయకండి, గోధుమపిండిలో పోసి కలుపుకుంటే చపాతీలు మెత్తగా వస్తాయి.

పాలు విరగడం దగ్గరికి వద్దాం. ఒకసారి విరిగాయి, ఇంకోసారి విరగలేదు అని రాశారు చూశారా, అక్కడే నాకు అల్లం మీద అనుమానం తగిలింది. పచ్చి అల్లం రసంలో పాలని పేరబెట్టే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. వేడి పాలల్లో పడితే పులుపు ఏమీ లేకుండానే జున్నులా ముద్దలు కడతాయి. అల్లం ఎంత తాజాది, రసం ఎంత పడింది, పాలు ఎంత వేడిగా ఉన్నాయి, వీటిని బట్టి ఒకరోజు విరుగుతాయి, ఒకరోజు విరగవు. అదే అల్లం నీళ్లలో బాగా మరిగితే ఆ గుణం పోతుంది, వాసనా ఘాటూ మిగులుతాయి. టీ కొట్టు మాస్టర్‌ని గమనించండి, అల్లం దంచి ముందు నీళ్లలో మరిగించాకే పాలు పోస్తాడు.

బెల్లం కూడా వద్దు. ఇది నేను డబ్బులు పెట్టి నేర్చుకున్న పాఠం. కర్రీ పాయింట్ పెట్టిన రెండో ఏడాది, డిసెంబరులో ఒకాయన అయ్యప్ప పూజకి వచ్చేవాళ్ల కోసం రాత్రి ఫలహారంలోకి చారు చెప్పారు, ఆరు లీటర్లు. ఉల్లి, వెల్లుల్లి లేని వంట కాబట్టి ఇది బాగుంటుందని నేనే ఎగిరి ఒప్పుకున్నాను. మన గోదావరి చేతికి బెల్లం ముక్క వేస్తే గానీ తోచదు కదా, పాలు పోశాక ఒక చిన్న అచ్చు వేసి మరిగించాను. కళ్లముందే విరిగిపోయింది. పైన పసుపుపచ్చ నీళ్లు, అడుగున పెరుగు తరకలు. టైము చూస్తే ఏడు, వాళ్లు వచ్చేది ఎనిమిదింటికి. ఉన్న దుంపలతో వేపుడు చేసి, మిరియాల చారు కాచి పంపించాను. విరిగింది వీధి చివర వాళ్ల గేదె కుడితిలో కలిసింది. పరమాన్నంలో బెల్లం పాకం చల్లారాక కలపాలని నాకు తెలియక కాదు. చారు కదా, ఏమవుతుందిలే అనుకున్నాను.

టమాటా, చింతపండు, నిమ్మకాయ గురించి వేరే చెప్పక్కర్లేదు, పులుపు పడితే వేడి పాలు విరుగుతాయి. అదీకాక పులుపున్న నీళ్లలో దుంప మెత్తబడదు. ముక్కల పులుసు పెట్టేటప్పుడు ముక్కలు ఉడికాకే చింతపండు రసం పొయ్యడం అందుకే. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్లలో కందిపప్పు ఉడక్క ఏడిపిస్తుంది చూడండి, దుంప కూడా అలాంటి నీళ్లలో కాస్త మొండికేస్తుంది. మీ అపార్ట్‌మెంట్‌లో నీళ్లు గట్టివైతే మంచినీళ్లతోనే ఉడికించుకోండి.

ఇప్పుడు దుంప. చాలామంది పట్టించుకోరు గానీ సగం వంట ఇక్కడే ఉంది. మన డెల్టా ఒండ్రు నేలలో కంద, చేమ, పెండలం పండుతాయి గానీ బంగాళాదుంప మనది కాదు, ఎప్పుడూ బయటినుంచి రావాల్సిందే. మా బజారులో ఆగ్రా దుంప అంటారు. ఉత్తరాదిన అక్టోబరు, నవంబరుల్లో వేసిన పంట చాలావరకు జనవరి నుంచి మార్చిలోపు తవ్వుతారు. మిగతా ఏడాదంతా మనం తినేది కోల్డ్ స్టోరేజ్ సరుకే. కాబట్టి చలికాలంలో బజారులో పాతదీ కొత్తదీ రెండూ పక్కపక్కనే ఉంటాయి.

ఈ చారుకి పాత దుంప కావాలి. కొత్త దుంప పొట్టు గోటితో గీస్తే ఊడి వస్తుంది. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, వేపుడుకి, కుర్మాకి దాన్ని మించింది లేదు, కానీ అందులో నీరెక్కువ, పిండి తక్కువ. ఎంత ఉడికినా ముక్క ముక్కలాగే ఉండిపోతుంది, నీళ్లలో కలవదు. అనుమానంగా ఉంటే దుంపని రెండుగా కోసి, ఆ రెండు ముఖాలూ ఒకదానికొకటి రుద్దండి. తెల్లటి నురగలా వచ్చి, చెక్కలు అంటుకుంటున్నాయంటే పిండి బాగా ఉన్నట్టు. పుణెలో మీ కూరగాయల అబ్బాయిని "జునా బటాటా" అని అడగండి, మా తమ్ముడి కొడుకు అక్కడ చదువుకునేటప్పుడు వాడికి నేర్పింది ఇదే.

పాత దుంపకీ ఒక తకరారు ఉంది. స్టోరేజ్‌లో చలికి దుంపలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది, చారు చప్పటి తీపి కొడుతుంది. కొన్నాక ఒక వారం పదిరోజులు గోనెసంచిలో, వెలుతురు తగలని చోట బయటే ఉంచితే ఆ తీపి చాలావరకు తగ్గుతుంది. ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ మొదటికే వస్తుంది. ఆకుపచ్చగా మారిన దుంపలో విషగుణం ఉంటుంది. కాస్త పచ్చ ఉంటే ఆ భాగం లోతుగా కోసి తీసెయ్యండి, ఎక్కువగా ఉంటే, లేక చేదు తగిలితే, మొత్తం పారెయ్యండి. పిల్లలకి పెట్టేటప్పుడు మరీ జాగ్రత్త.

నలుగురికి కొలత ఇది. బంగాళాదుంపలు 400 గ్రాములు, అంటే మధ్యరకంవి నాలుగు. నీళ్లు 200 మిల్లీలీటర్ల గ్లాసుతో నాలుగు గ్లాసులు. కాచిన పాలు ఒక గ్లాసు. అల్లం అంగుళం ముక్క, పచ్చిమిరపకాయలు రెండు, మిరియాలు పదిహేను ఇరవై గింజలు, జీలకర్ర ఒక టీ చెంచా, నెయ్యి రెండు చెంచాలు, ఇంగువ చిటికెడు, కరివేపాకు ఒక రెమ్మ, ఉప్పు. అంతే. పసుపు వెయ్యరు, రంగు పోతుంది.

దుంపలు చెక్కు తీసి, ఉసిరికాయంత ముక్కలు కోసి, చన్నీళ్లలోనే వేసి పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్లలో వేస్తే పైన చితికిపోయి లోపల పలుకు మిగులుతుంది. దంచిన అల్లం, చీల్చిన పచ్చిమిర్చి, ఉప్పు అప్పుడే వేసెయ్యండి. మూత వారగా పెట్టి సన్నటి మంట మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉడకనివ్వండి. కుక్కరైతే రెండు కూతలు చాలు. నేనైతే గిన్నెలోనే చేస్తాను, ఎందుకంటే ముక్క ఎప్పుడు దారికొచ్చిందో కళ్లతో చూడాలి.

ఇక్కడ మా అత్తగారి చెయ్యి చెప్పాలి. ఆవిడ పప్పుగుత్తి కూడా వాడేవారు కాదు. గరిటె బోర్లించి, ఒక ముక్కని గిన్నె పక్కకి జరిపి, అంచుకి ఆనించి మెల్లగా నొక్కేవారు. ముక్క ఉడికితే చప్పుడు లేకుండా పొడిగా విచ్చుకుని, తెల్లటి మబ్బులా నీళ్లలోకి దిగుతుంది. జారి పక్కకి తప్పించుకుందంటే ఇంకా అవలేదని మళ్లీ మూత పెట్టేసేవారు. నాలుగు ముక్కల్లో మూడు అలా నొక్కి, నాలుగోది వదిలేసేవారు. గ్లాసు అడుగున పంటికింద పడే ఆ ముక్క కోసం పిల్లలు కొట్టుకునేవారు. మీకు గ్లాసు అడుగున దుంప ముక్కలు గుర్తున్నాయా? గుర్తుంటే మీ అమ్మమ్మగారు కూడా ఇలాగే మెదిపి ఉంటారు. పప్పుగుత్తి వాడినా తప్పేం లేదు, నాలుగైదు నొక్కులు నొక్కి ఆపండి. పప్పు ఎనిపినట్టు గిరగిరా తిప్పకండి, అది మిక్సీకి తమ్ముడే.

మెదిపాక ఒక పొంగు రానిచ్చి, మంట బాగా తగ్గించండి. వేడి పాలు సన్నటి ధారగా పోస్తూ కలపండి. చల్లటి పాలు వద్దు. పాలు పడ్డాక తెర్లనివ్వకూడదు, అంచుల్లో చిన్న బుడగలు కనపడగానే దించెయ్యండి. ఉప్పు కూడా పాలు పొయ్యకముందే చూసుకుని సరిచేసుకోవాలి.

నెయ్యి కాగాక జీలకర్ర, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, ఇంగువ, కరివేపాకు వేసి చిటపటలాడగానే చారు మీద వెయ్యండి. మిరియాల పొడి డబ్బాలోది వద్దు, అప్పటికప్పుడు దంచాలి. చారు దించాకే పోపు, పోపు వేశాక వెంటనే మూత. రెండు నిమిషాలాగి మూత తీస్తే మీకు గుర్తున్న వాసన వస్తుంది.

పాల ప్యాకెట్ గురించి కూడా చెబుతాను. మన పల్లెల్లో అప్పుడు వాడింది ఎక్కువగా గేదె పాలు, చిక్కగా ఉండేవి. ఇప్పటి టోన్డ్ పాలల్లో వెన్న 3 శాతమే, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. టోన్డ్ పాలతో చేస్తే నీళ్లచారులా అనిపిస్తే తప్పు మీది కాదు, ప్యాకెట్ మార్చండి. కార్న్‌ఫ్లోర్, క్రీమ్, చీజ్ కలిపితే హోటల్ సూప్ అవుతుంది. అదీ బాగుంటుంది, కానీ మీరు అడిగింది అది కాదు కదా.

ఒక్క ముక్క పక్కకి వెళ్తాను. ఇది మొదట్లో బంగాళాదుంపతో పుట్టిన వంట కాదని నా అనుమానం. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ పాలు పోసి వండడం మన గోదావరి వైపు ఎప్పటినుంచో ఉంది. బంగాళాదుంప పేరులోనే బంగాళం ఉంది, బయటిదని పేరే చెబుతోంది. ఇప్పటికీ చాలా ఇళ్లల్లో తద్దినం వంటలోకి రానివ్వరు. మా అత్తగారి చిన్నప్పుడు పెళ్లిళ్లకీ పేరంటాలకీ తప్ప ఇంట్లో కనపడేది కాదట. తర్వాత చవగ్గా దొరకడం మొదలయ్యాక, ఆనపకాయ స్థానంలో దీన్ని వేసి ఉంటారు. అందుకే పద్ధతంతా అచ్చం ఆనపకాయ పాలు పోసిన కూరదే: ముందు ముక్క ఉడకాలి, ఆఖర్న పాలు, పులుపు అసలే లేదు.

పాలు పడనివాళ్లుంటే కొబ్బరిపాలు పొయ్యండి. అమలాపురం వైపు మా వియ్యపురాలు అలాగే చేస్తుంది, పండగలా ఉంటుంది. కొబ్బరి రుబ్బి పిండిన మొదటి చిక్కటి పాలు పక్కన పెట్టి, రెండోసారి పిండిన పల్చటి పాలల్లో దుంపలు ఉడికించాలి. చిక్కటివి చివర్లో. ఇవీ తెర్లితే విరిగినట్టు విడిపోతాయి, మంట విషయం అదే. షుగర్ ఉన్నవాళ్లకి మాత్రం దుంపా అన్నమూ రెండూ ఒకే పూట పెట్టకండి. మా వారికి అర గ్లాసు పోసి గిన్నె దాచేస్తాను.

మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టొచ్చు గానీ, మర్నాటికి దుంప గరుగ్గా, నీళ్లు వేరుగా కనిపిస్తాయి. చెడిపోయిందని భయపడకండి. అర గ్లాసు వేడినీళ్లు పోసి సన్నసెగ మీద కలుపుతూ వెచ్చబెడితే కలుస్తుంది. మొదటి రోజు రుచి మాత్రం ఉండదు. పోపు వాసన పోయి ఉంటుంది కాబట్టి కొత్తగా రెండు మిరియాలు దంచి వేసుకోండి.

ఇంతా చేశాక కూడా "బాగుంది గానీ అమ్మమ్మది ఇలా లేదు, ఇంకాస్త నునుపుగా ఉండేది" అనిపిస్తే, ఆ తేడా గంజిది అయి ఉండొచ్చు. మా అత్తగారు నాలుగు గ్లాసుల నీళ్లలో రెండు గ్లాసులు, అన్నం వార్చిన గంజే పోసేవారు. గంజి చారుకి నునుపు ఇస్తుంది, బంక చెయ్యదు. అందులోని పిండి పాలని పట్టుకుని తొందరగా విరగనివ్వదు కూడా. కర్రీ పాయింట్లో ఆ రోజు తర్వాత నేను గంజి లేకుండా ఈ చారు కాచలేదు. రైస్ కుక్కర్లో వండుకునేవాళ్లకి గంజి ఎక్కడినుంచి వస్తుంది, అందుకని గుప్పెడు బియ్యం నాలుగు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించి, ఆ నీళ్లు వంపి వాడుకోండి.

కాబట్టి అమ్మగారిని కొలతలు అడక్కండి, ఒక్క సంగతి అడగండి. అమ్మమ్మగారు అన్నం వార్చేవారా, లేక గంజి వంచకుండా నీళ్లు ఇగిరేలా అత్తెసరు పెట్టేవారా? వార్చేవారంటే ఆ గంజి ఏ గిన్నెలోకి వెళ్లేదో కూడా అడిగి, ఇక్కడ రాయండి.